కౌండిన్య కంపెనీలో ముప్పై ఒక్కరు

కాపెల్
ఫిబ్రవరి 12, 2005

చిరంజీవి స్మృతికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నా కుడి భుజం తప్ప అందరం కులాసా. భుజం నొప్పికి కారణం నా హ్యాండ్‌బ్యాగు. ఒక అరలో ఫోను, ఇంకో అరలో ఆర్గనైజరు, వాటికి చెరో చార్జరు, ఆర్గనైజరు మీద గీకడానికి ఓ పుల్ల, ఆ పుల్ల పోతే వాడుకోవడానికి ఇంకో రెండు పుల్లలు. "నువ్వు నడుస్తుంటే సామాన్ల బండి వస్తున్నట్టుంది" అని ఎగతాళి చేసి, మా పెళ్ళిరోజుకి మీ పెదనాన్న ఒక స్మార్ట్ ఫోన్ కొన్నారు. ఫోనూ అదేనట, ఆర్గనైజరూ అదేనట.

అదీ, నా పాత ఆర్గనైజరూ ఈ పార్సెల్లో పంపుతున్నాను. ఆర్గనైజర్లో ఉన్నదంతా కొత్త ఫోన్లోకి ఎక్కించి పంపు. జాగ్రత్త తల్లీ. ఏడేళ్ళ కష్టం అది. రెండు వందల పన్నెండు మంది పెళ్ళికావలసిన పిల్లల వివరాలున్నాయి. నలభై మూడు పెళ్ళిళ్ళు కుదిర్చానంటే ఆ డబ్బా చలవే. అది లేకపోతే అమెరికాలో సగం మంది తెలుగు తల్లులు నా ఇంటి ముందు ధర్నా చేస్తారు.

"నా పేరు నీ లిస్టులోంచి తీసేస్తేనే చేసిపెడతా" అని మొన్న బేరం పెట్టావు కదా. నీ పేరు అందులో లేనే లేదు. ఒట్టు.

జవాబు ఉత్తరంలోనే రాయి. ఫోన్లో అయితే నాకు ఊఁ కొడుతూ టీవీ చూస్తావు. ఈమెయిలేమో మీ పెదనాన్నకీ నాకూ ఒకటే, నాకంటే ముందు ఆయనే చదివేస్తారు. ఆరు వేసవి సెలవులు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది ఎందుకనుకున్నావు?

ఇట్లు,
భుజం నొప్పితో
నీ పెద్దమ్మ

*

జెర్సీ సిటీ
ఫిబ్రవరి 20, 2005

డియర్ పెద్దమ్మా,

ఒట్టు అన్నావు. సరే. నూట డెబ్బై నాలుగో పేరు చదువుతున్నాను, విను: "స్మృతి. వయసు 26. తెలివైంది. మొండిది. ఎత్తు ఐదున్నర, హీల్స్ తీస్తే ఐదూ మూడు. వంట: టోస్ట్. తెలుగు రాయగలదు, నేర్పింది నేనే."

పెద్దమ్మా! ఇది ఎవరు? ఇంకో స్మృతియా?

కోపం వచ్చినా పని మాత్రం చేశాను. ట్రైన్‌లో వెళ్తూ వస్తూ ఒక వారం నీ డేటా మొత్తం క్లీన్ చేశాను. నీ డేటా చాలా మెస్‌గా ఉంది. కంపెనీ అని ఉన్న చోట అందరికీ తప్పులే. ముప్పై ఒక్కమంది కౌండిన్యలో పనిచేస్తున్నారు. నలభై నలుగురు భారద్వాజలో. ఇవి కన్సల్టింగ్ కంపెనీలా? నేను ఎప్పుడూ వినలేదు. మోరిస్‌విల్‌లో వినీత్ అని ఒకతను ఉన్నాడు. నీ నోట్‌లో మందుల కంపెనీలో స్టాటిస్టిషియన్ అని ఉంది, కంపెనీ దగ్గర కౌండిన్య అని ఉంది. రెండు చోట్ల జాబ్ చేస్తే అతని వీసా ఏమవుతుంది? నాక్కూడా కౌండిన్య అనే పెట్టావు. నేను బ్యాంకులో చేస్తానని నీకు తెలీదా?

డోంట్ వర్రీ. నోట్స్ చూసి అందరికీ అసలు కంపెనీ పేర్లు పెట్టేశాను. ఇంకొకటి. అబ్బాయిల పేర్ల పక్కన రోహిణి, రేవతి, అశ్విని అని అమ్మాయిల పేర్లు రాశావు. ఎక్స్-గర్ల్‌ఫ్రెండ్స్ గురించి నీకెందుకు? ప్రైవసీ కదా అని డిలీట్ చేశాను.

నా ఎంట్రీ కూడా కొంచెం కరెక్ట్ చేశాను. నువ్వే చూసుకో.

లవ్,
స్మృతి (ఐదూ మూడు)

*

కాపెల్
మార్చి 3, 2005

స్మృతీ,

ఆశీస్సులు తర్వాత. ముందు నీ బుర్రలో ఏముందో చెప్పు.

కౌండిన్య కంపెనీ కాదే తల్లీ, గోత్రం! నువ్వు గుడికెళ్తే అర్చనలో మీ నాన్న చెప్తాడే, అది. కౌండిన్యుడు ఋషి. ఆయన ఎవరికీ ఉద్యోగాలివ్వలేదు. ఆ ఆర్గనైజరు చేసినవాళ్ళు గోత్రానికి చోటు పెట్టకపోతే కంపెనీ ఖాళీగా ఉంది కదా అని అక్కడ రాసుకున్నాను. రోహిణీ రేవతీ నక్షత్రాలు! నువ్వు తీసేసిన ఎక్స్-గర్ల్‌ఫ్రెండ్స్‌ని చూసే నేను ఇన్నాళ్ళూ జాతకాలు కలుపుతున్నాను. గోత్రం తెలియకుండా సంబంధం ఎలా చెప్పనే? నలభై మూడు పెళ్ళిళ్ళలో ఒక్క సగోత్రం లేదు. ఒకే గోత్రం అంటే అన్నాచెల్లెళ్ళ లెక్క. ఆ ఒక్క మాట మీదే నాకింత పేరు.

ఇది చాలదన్నట్టు ఈ కొత్త ఫోను నా పరువు తీసింది. ఇదివరకు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, చేతిలో ఆర్గనైజరు చూసుకుంటూ మాట్లాడేదాన్ని. ఇప్పుడు రెండూ ఒకటైపోయాయి. చెవి దగ్గర పెడితే కనపడదు, కళ్ళ దగ్గర పెడితే వినపడదు. మొన్న వినీత్ వాళ్ళమ్మ చాముండేశ్వరి డెట్రాయిట్ నుంచి చేసింది. వివరాలు చూద్దామని స్పీకర్ నొక్కి, అలవాటు కొద్దీ పైకే చదివేశాను: "అబ్బాయి బంగారం. తల్లి గయ్యాళి. భోజనానికి పిలిచి పోయినేడాది ఆవకాయ పెట్టింది." అంతా విందిట. ఠక్కున పెట్టేసింది. మళ్ళీ ఎత్తడం లేదు.

ఇక నీ సంగతి. నీ పేరు కింద "నిశ్చితార్థం అయిపోయింది" అని ఉంది! ఎవడే వాడు? పెద్దమ్మకి చెప్పాలనిపించలేదా? కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యాను.

చెరిపింది నువ్వు, రాబట్టేదీ నువ్వే. ఈ టెక్సాస్ వైపు వాళ్ళకి నేను చేస్తాను. తూర్పు వైపు ఉన్నవాళ్ళ పేర్లు చీటీ మీద రాసి పెడుతున్నాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి గోత్రమూ నక్షత్రమూ అడుగు. మర్యాదగా అడుగు. పాత ఆర్గనైజరు వెంటనే పంపు, దాన్లోనన్నా మిగిలి ఉంటాయి.

పెద్దమ్మ

*

జెర్సీ సిటీ
మార్చి 19, 2005

సారీ పెద్దమ్మా. సారీ సారీ సారీ.

ముందు బ్యాడ్ న్యూస్. రెండిట్లో ఒకేలా ఉండాలని క్లీన్ చేశాక సింక్ కొట్టాను. సింక్ అంటే కొత్తదాన్లో ఉన్నదే పాతదాన్లోకి కూడా వెళ్ళిపోతుంది. కాబట్టి పాత ఆర్గనైజర్ కూడా ఇప్పుడు చాలా క్లీన్‌గా ఉంది.

గుడిలో నాన్న గబగబా ఏదో గొణుగుతారు. నేను దాన్ని పాస్‌వర్డ్ లాంటిది అనుకున్నాను. ఎవరూ ఎప్పుడూ ఎక్స్‌ప్లెయిన్ చేయలేదు.

నిశ్చితార్థం జోక్. నీ దగ్గర నంబర్ తీసుకుని ఎవరూ ఫోన్ చేయకుండా అలా పెట్టాను. నువ్వు ఏడుస్తావని అనుకోలేదు.

తొంభై ఆరు మందికి ఫోన్ చేశాను. "హాయ్, మీ గోత్రం ఏంటి?" అంటే ముగ్గురు టెలిమార్కెటింగ్ అనుకుని పెట్టేశారు. ఒకతను నన్ను హోల్డ్‌లో పెట్టి గుంటూరులో వాళ్ళమ్మని నిద్ర లేపి అడిగాడు. ఒకమ్మాయి "నాకు ఏది బాగా సూట్ అవుతుందో మీరే పెట్టండి" అంది. మళ్ళీ మళ్ళీ చేసి రాబట్టిన లిస్ట్ ఇందులో పెడుతున్నాను.

వినీత్ ఒక్కడిదే ఖాళీ. చెప్పనన్నాడు. "కౌండిన్య కంపెనీ" కథ చెప్తే గంటసేపు నవ్వాడు. తర్వాత ఇంకో నలభై నిమిషాలు ఏదో మాట్లాడుకున్నాం. ఏప్రిల్ ఫస్ట్ వీక్‌లో అతనికి న్యూయార్క్‌లో కాన్ఫరెన్స్ ఉంది. గోత్రం డైరెక్ట్‌గా వచ్చి చెప్తాడంట. నీ డేటా కోసం నేను ఎంత కష్టపడుతున్నానో చూడు.

లవ్,
స్మృతి

*

కాపెల్
మార్చి 29, 2005

చిరంజీవి స్మృతికి,

జోకా! నీ నిశ్చితార్థం సంగతి నేను ఇక్కడ గుడి క్యాంటీన్‌లో పులిహోర పొట్లాలు కడుతూ పదకొండు మందికి చెప్పాను. వాళ్ళలో ఒకావిడ అట్లాంటాలో మీ అమ్మకి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పిందిట. శాంతి నాకు చేసి, "నా కూతురి పెళ్ళి నాకు తెలియకుండా కుదిర్చావా అక్కా?" అని ఒకటే రాగం. నేను "నీకు తెలుసనుకున్నానే" అంటే ఇంకా ఏడ్చింది. దానికి సర్దిచెప్పేసరికి నా ఫోను వేడెక్కింది, నా చెవి కాలింది. పాత ఫోను ఎప్పుడూ ఇలా కాలలేదు.

నీ జాబితా అందింది. దస్తూరి మెరుగుపడింది. సంతోషం.

వినీత్ మంచి పిల్లాడు. వాడికి మా వీధిలో వర్షని అనుకుంటున్నాను. కాన్ఫరెన్స్‌కి వచ్చినప్పుడు గోత్రం కనుక్కుని, వర్ష గురించి నాలుగు మంచి మాటలు చెవిన వెయ్యి. అమ్మాయి కూచిపూడి చేస్తుందని చెప్పు. నీలాగా టోస్ట్ కాదు, గుత్తివంకాయ కూడా చేస్తుందని చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

*

జెర్సీ సిటీ
ఏప్రిల్ 24, 2005

పెద్దమ్మా,

వర్ష గురించి చెప్పాను. కూచిపూడి అని చెప్పాను. గుత్తివంకాయ అని కూడా చెప్పాను. అతను "నాకు టోస్ట్ ఇష్టం" అన్నాడు.

ఇప్పుడు జోకులు లేవు. వినీత్ మూడు వీకెండ్స్ వరసగా డ్రైవ్ చేసుకుని వచ్చాడు, ఒక్కోసారి ఎనిమిది గంటలు. హడ్సన్ నది పక్కన నడిచాం. అతనితో మాట్లాడేటప్పుడు నేను మాటలు వెతుక్కోను. ఇంగ్లీష్‌లో వస్తే ఇంగ్లీష్‌లో, తెలుగులో వస్తే తెలుగులో చెప్పేస్తాను. నా తెలుగుకి నవ్వడు. నవ్వినా నాకు బాధ కలగదు. నేను ఇంకెవరితోనూ ఇలా లేను పెద్దమ్మా. నేను అతన్ని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను. నీకే ఫస్ట్ చెప్తున్నాను, అమ్మకంటే ముందు.

గోత్రం అంటావా, నీ ఫోన్ తీసి చూసుకో. వినీత్, కంపెనీ: మందుల కంపెనీ. స్మృతి, కంపెనీ: బ్యాంకు. రెండూ వేరు. నీ రికార్డ్ ప్రకారం ఏ ప్రాబ్లమ్ లేదు. వాళ్ళమ్మ నీ ఫోన్ ఎత్తదు కాబట్టి అడగడానికి కూడా ఎవరూ లేరు.

ప్లీజ్ పెద్దమ్మా.

నీ స్మృతి

*

కాపెల్
మే 2, 2005

స్మృతీ,

ఎంత గడుగ్గాయివే! నా రికార్డు చూసుకోమంటావా? చూశాను. ఫోన్లో కాదు, నా అల్మారాలో. ఫిబ్రవరి ఇరవయ్యో తేదీ ఉత్తరం. "మోరిస్‌విల్‌లో వినీత్, కంపెనీ దగ్గర కౌండిన్య. నాక్కూడా కౌండిన్య అనే పెట్టావు." నీ దస్తూరీయే. సింక్ కొడితే ఇది చెరగదు. ఉత్తరాలే రాయమని ఊరికే అన్నానా?

నవ్వుతూ మొదలుపెట్టాను కానీ నాకు నవ్వు రావడం లేదు. నీ ఉత్తరం మీ పెదనాన్నకి చదివి వినిపించాను. నదీ, నడకా, అదంతా విని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒప్పుకోవే" అన్నారు.

ఎలా ఒప్పుకోను? నీకు సుధ గుర్తుందా? ఇక్కడ మన ఇంటికి వచ్చేది, నీకు జడ వేసేది. తొంభై తొమ్మిదిలో సుధా ఒకబ్బాయీ ఇష్టపడ్డారు. ఒకే గోత్రం. రెండు వైపుల వాళ్ళూ "రాధారాణిగారు సరే అంటే సరే" అన్నారు. నేను కాదన్నాను. ఆ అబ్బాయికి మరుసటేడు నేనే వేరే సంబంధం కుదిర్చాను, అది నా ఇరవై ఒకటో పెళ్ళి. సుధ తర్వాత సియాటిల్‌లో ఎవరినో చేసుకుంది, బాగానే ఉందిట, కానీ పెళ్ళికి నన్ను పిలవలేదు. ఆరేళ్ళయింది మాట్లాడి. ఊరి పిల్లకి కాదన్నదాన్ని ఇవాళ నా చెల్లెలి కూతురికి అవునంటే, నా మొహం నేను అద్దంలో ఎలా చూసుకోను?

కాదు తల్లీ. నన్ను తిట్టుకో.

పెద్దమ్మ

*

జెర్సీ సిటీ
మే 10, 2005

పెద్దమ్మా,

తిట్టుకోవడం లేదు. చాలా ఏడ్చాను, అంతే.

అమ్మకి, నాన్నకి చెప్పాను. ఇద్దరూ "పెద్దమ్మ సరే అంటే సరే" అన్నారు. సుధ అక్క వాళ్ళింట్లో అన్నట్టే. వినీత్ వాళ్ళమ్మ మాత్రం "రాధారాణి కాదందా? అయితే ఈ పెళ్ళి చేయాల్సిందే" అంది. కానీ నువ్వు లేకుండా నేను చేసుకోను. పారిపోయి చేసుకోవడానికి కూడా మాకు ఏ అడ్డం లేదు, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. నాకే అలా వద్దు.

ఒక్కటి అడుగుతాను. సుధ అక్కకి నువ్వు ఒక్కసారైనా ఫోన్ చేశావా? నీ కొత్త ఫోన్‌లో ఆమె నంబర్ ఉంది. నేనే ఎక్కించాను. ఆమె పేరు కింద నీ నోట్ కూడా చూశాను. ఏమీ లేదు, ఖాళీ. మిగతా అందరి గురించి నువ్వు ఏదో ఒకటి రాశావు.

స్మృతి

*

కాపెల్
జూన్ 5, 2005

నా బంగారు తల్లి స్మృతికి,

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు నీ మీద అలిగి కూర్చున్నాను. ఐదో రోజు సుధకి ఫోన్ చేశాను. ఎత్తగానే, పేరు చెప్పకుండానే, "ఆంటీ" అంది.

నీకు చెప్పని మాట ఒకటుంది. ఎవరికీ చెప్పలేదు. తొంభై తొమ్మిదిలో పంతులుగారు దారి చూపించారు. అమ్మాయిని వేరే గోత్రం దంపతులు దత్తత తీసుకుని, వాళ్ళే పీటల మీద కూర్చుని కన్యాదానం చేస్తే దోషం లేదన్నారు. సుధ వాళ్ళ బంధువులు ఎవరూ ఇక్కడ లేరు. "మీ దంపతులు కూర్చుంటారా అమ్మా?" అని నన్నే అడిగారు. నేను కూర్చోనన్నాను. పిల్లల్లేనిదాన్ని, ఆ పీట మీద కూర్చుంటే నలుగురూ ఏమంటారో అని భయం వేసింది. భయం అని చెప్పుకోలేక శాస్త్రం అన్నాను.

సుధకి ఇదంతా చెప్పి ఏడ్చాను. అది ఏమందో తెలుసా? "నాకు తెలుసు ఆంటీ. పంతులుగారు అమ్మకి చెప్పారు. మీరు భయపడ్డారని కోపం లేదు. నాతో చెప్పకుండా గోత్రం అడ్డం పెట్టుకున్నారే, దానికే కోపం." ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం. దానికి ఇద్దరు పిల్లలు. పెట్టేసే ముందు "ఈసారి కూర్చోండి ఆంటీ" అంది. "నువ్వొచ్చి పక్కన నిలబడితే కూర్చుంటానే" అన్నాను. టికెట్ బుక్ చేసుకుంది.

కాబట్టి విను. మీ పెదనాన్నది భారద్వాజ గోత్రం. మేము నిన్ను దత్తత తీసుకుంటున్నాం. మీ అమ్మ "నా కూతుర్ని నాక్కాకుండా చేస్తావా అక్కా?" అని మళ్ళీ రాగం ఎత్తుకుంది. పెళ్ళి పీటల వరకేనే, తర్వాత తిరిగిచ్చేస్తానని చెప్పాను. అబద్ధం చెప్పాను. మీ నాన్న మాత్రం "కన్యాదానం మీరు చేస్తే భోజనాలు నేను చూసుకుంటా" అని హాయిగా ఉన్నాడు.

చాముండేశ్వరికి కూడా చేశాను. ఎత్తగానే క్షమించమన్నాను. "గయ్యాళి అన్నావు, సరే. అబ్బాయి బంగారం అని కూడా రాశావుగా. అందుకే ఎత్తాను" అంది. ముహూర్తం ఆగస్టు ఇరవై, శనివారం, అట్లాంటా గుడిలో. ఆవకాయ ఈ ఏడాదిదే తెస్తుందిట.

స్మృతీ, నలభై మూడు పెళ్ళిళ్ళలో నేను వెనక వరసలో నిలబడి అక్షింతలు వేశాను. ఒక్కసారి కూడా ముందుకి వెళ్ళలేదు. కన్యాదానం అప్పుడు పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతుంటే నీళ్ళు పోయవలసింది నేనేనట. గురి తప్పి నీళ్ళన్నీ వాడి పంచె మీద పోస్తానేమోనని భయంగా ఉంది. అందుకని రోజూ పొద్దున్నే మీ పెదనాన్నని వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళ కింద పళ్ళెం పెట్టి, చెంబుతో నీళ్ళు పోస్తూ నేర్చుకుంటున్నాను. మొదటి రోజు సగం నీళ్ళు నేల మీదే. రెండో రోజు ఇద్దరం నవ్వలేక చచ్చాం. నిన్న ఒక్క చుక్క కూడా పక్కకి పోలేదు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన కాళ్ళు ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేవు.

ఆగస్టు ఇరవై వరకు మాత్రమే
నీ పెద్దమ్మ